కిటికీ లోపలి నీళ్లు

మాంచెస్టర్, 2025

నవంబరు 4
పడకగది అద్దం లోపలివైపంతా నీళ్లు. అంచున రబ్బరు నల్లబడుతోంది. తుడిచిన గుడ్డ పిండితే గ్లాసు అడుగు నిండింది. రాత్రంతా ఇద్దరం వదిలిన ఊపిరి.

నవంబరు 7
ఇడ్లీ, కుక్కరు, చారు. అన్నీ ఒకేసారి. వీధి కనబడటం మానేసింది. పొయ్యి మీద ఫ్యాను ఉంది. దానికి బయటికి గొట్టం లేదు. జిడ్డు పట్టుకుని ఆవిరిని మళ్లీ గదిలోకే వదులుతుంది.

నవంబరు 8
తేమ కొలిచే మీటరు కొన్నాం. హాల్లో 20 డిగ్రీలు, 70 శాతం. ఆ గాలి సుమారు 14 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరవుతుంది. పొద్దుటి అద్దం అంతకన్నా చల్లన.

నవంబరు 13
విశాఖ నుంచి అమ్మ ఫోను. ఎండాకాలం అక్కడ ఏసీ గది అద్దానికి బయటివైపు చెమట. ఇక్కడ లోపల. నీళ్లు ఎప్పుడూ వెచ్చటి వైపే.
"వానలో కిటికీ తెరుస్తారుటే!" అంది. తెరుస్తాం. బయట 5 డిగ్రీలు. ఎంత తడిగాలైనా లోపల 20కి వేడెక్కితే తేమ 40 శాతం లోపే.

నవంబరు 19
ఇంటి అద్దె ఏజెంటు వచ్చాడు. బీరువా వెనక నల్ల బూజు చూశాడు. "మీ వంటలు ఎక్కువ" అన్నాడు. ఆ గోడ ఉత్తరం వైపుది. చెయ్యి ఆనించి చూడమన్నాను. చూడలేదు.

నవంబరు 20
రోచ్‌డేల్ ఇక్కడికి దగ్గరే. అక్కడి అవాబ్ ఇషాక్, రెండేళ్ల పిల్లాడు. 2020 డిసెంబరులో పోయాడు. తండ్రి 2017లోనే బూజు గురించి చెప్పాడు. ఇల్లిచ్చినవాళ్లు ఆ కుటుంబం బతికే తీరును తప్పుపట్టారు. బూజు వల్లే ప్రాణం పోయిందని 2022లో మరణ విచారణ జరిపిన కరోనర్ తేల్చారు. వాడి పేరుతో వచ్చిన చట్టం గత నెల 27న అమల్లోకి వచ్చింది. ఆరోగ్యానికో భద్రతకో తక్షణ ప్రమాదముంటే 24 గంటల్లో సరిచేయాలి. సోషల్ హౌసింగ్‌కే. మాలాంటి ప్రైవేటు అద్దెలకు ఇంకా లేదు.
ఆ పిల్లాడి ఫొటో చాలాసేపు చూశాను.

నవంబరు 23
బట్టలు ఆరేసేది ఇప్పుడు స్నానాలగదిలో. తలుపు మూసి, ఫ్యాను వేసి. గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ తొట్టిలో తెల్లారేసరికి దాదాపు రెండు లీటర్లు. హాల్లో తేమ 55 శాతం.

నవంబరు 26
బీరువా జానెడు ముందుకు జరిపాం. వెనక గాలి ఆడుతోంది. గోడ చల్లదనం తగ్గలేదు.

నవంబరు 28
ఏజెంటుకు ఉత్తరం. ఫొటోలు, మీటరు అంకెలు జతచేశాను. అడిగినవి రెండే. ఉత్తరపు గోడకు చలి ఆపే పొర. వంటింటి ఫ్యానుకు బయటికి గొట్టం.
వంట తగ్గించం.