బెల్సెన్ వద్ద ఆగిన వాదం

1948 జనవరి 28న బి.బి.సి. రేడియోలో బెర్ట్రాండ్ రస్సెల్, జెస్యూట్ గురువు ఫ్రెడరిక్ కాపుల్‌స్టన్ దేవుని ఉనికిని గురించి వాదించుకున్నారు. దేవుడు లేడని రుజువు చేయవచ్చునంటారా అని అడిగితే, అనను, నేను అజ్ఞేయవాదిని అన్నాడు రస్సెల్. మన విద్యార్థులకు మాత్రం ఆయన నాస్తిక సేనాపతే. ఆ వాదాన్ని కోడిపందెంలా చదివి, ఎవరు గెలిచారు సార్ అంటారు.

మొదటి భాగంలో రస్సెల్‌దే పైచేయి అని నా అభిప్రాయం. లోకంలో ప్రతిదీ మరొకదానిపై ఆధారపడి ఉన్నది గనుక మొత్తానికి ఒక మూలకారణం ఉండి తీరాలన్నాడు గురువు. ప్రతి మనిషికీ తల్లి ఉన్నది. అంతమాత్రాన మానవజాతికంతా ఒక తల్లి ఉన్నదంటామా అన్నాడు రస్సెల్. దీనికి గురువు ఇచ్చిన సమాధానం నాకు తృప్తినివ్వలేదు.

చిక్కంతా నీతి దగ్గర వచ్చింది. మంచిచెడ్డలను దేనితో పోల్చుకుంటారంటే, నీలాన్నీ పసుపునూ పోల్చుకున్నట్లే, నా అనుభూతితో అన్నాడు రస్సెల్. కాపుల్‌స్టన్ వెంటనే బెల్సెన్ నిర్బంధ శిబిరపు అధికారిని ముందుకు తెచ్చాడు. ఆ శిబిరం విముక్తమై అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. అతని పని మనకు చెడ్డ, హిట్లరుకు మంచి. మరి ఎవరి అనుభూతి ప్రమాణం? కామెర్లవానికి పచ్చనివి కానివి కూడా పచ్చగానే కనిపిస్తాయి, అతడు పొరబడ్డాడంటాం అన్నాడు రస్సెల్. మన సామెతే!

కాని కామెర్లు ఒక మనిషి కంటికి వచ్చే జబ్బు. బెల్సెన్ అటువంటిది కాదు. దాని చివరి అధికారి క్రామర్ అంతకుముందు 1944లో ఆష్విట్జ్-బిర్కెనౌలో అధికారి. అక్కడినుంచి బదిలీ మీద వచ్చినవాడు. బదిలీలు, ఉత్తరువులు, రైళ్లు, ఖైదీల చాకిరీతో నడిచిన కర్మాగారాలు — ఇన్ని ఉంటేగాని అటువంటి శిబిరాలు నడవవు. గురువుగారి సమాధానమూ ఇక్కడ నిలవదు. నీతికి దేవుడే ఆధారమైతే, అత్యధికులు బాప్తిస్మం పొందినవారే అయిన జర్మనీలో ఆ ఆధారం ఏమైనట్లు? ఒకరు నీతిని ఆకాశంలో వెదికారు, ఒకరు మనిషి లోపల. ఈ రెంటి నడుమ ఉన్న సమాజం ఇద్దరి కంటా పడలేదు.

దేవుణ్ణి ఖండించగానే భౌతికవాదులమై పోయామనుకునే మిత్రులు మనలో తక్కువేమీ కాదు. వారికి రస్సెల్ తల్లి ఉపమానం కంఠతా వచ్చు. ఈ కామెర్ల మాట గుర్తుండదు. విద్యార్థులతో కలిసి చదివినప్పుడల్లా తల్లి ఉపమానానికి నవ్వులు, బెల్సెన్ దగ్గర నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఆ అధికారికి జీతం ఎవరిచ్చారు సార్ అని ఒక్కరైనా అడుగుతారేమోనని చూస్తుంటాను.