దేశకాలములు – ఒక తిథి

దేశకాలాలను స్మరించక మనం ఏ కర్మనూ ఆరంభించము. ఎక్కడ ఉన్నామో, ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథిలో ఉన్నామో చెప్పుకొన్న పిమ్మటనే సంకల్పం. ఓరుగల్లులో అర్చకత్వం చేస్తూ ముప్పది ఏండ్లుగా ఆ మాటలు ఉచ్చరిస్తున్నాను. వాటి భారం మాత్రం మా అమ్మగారు శివసాయుజ్యం పొందిన కార్తీకమాసపు ఉదయాన తెలిసింది.

నా తమ్ముడు షికాగో నగరవాసి. ఫోనులో వాడు అడిగినది ఒక్కటే: "అన్నయ్యా, నేను వచ్చేదాకా అమ్మను ఉంచు."

శంషాబాదు నుండి షికాగోకు ఆకాశమార్గాన సుమారు 13,280 కిలోమీటర్లు. ఎక్కడా ఆగని విమానమైతే దాదాపు పదహారు గంటలు. 2021 జనవరిలో ఎయిరిండియా అట్టి విమానాన్ని ప్రారంభించింది కూడ. వాడికి ఆనాడు దొరికినది మధ్యలో దిగి మారవలసిన ప్రయాణం; ఇరవై గంటలకు తక్కువ కాదు. మా మామునూరు విమానాశ్రయంలో 1981లోనే రాకపోకలు నిలిచిపోయాయి గనుక, శంషాబాదు నుండి మరి నాలుగు గంటల రోడ్డు.

దేహాన్ని రాత్రి నిలుపరాదన్నది మా పెద్దల ఆచారం. జ్యేష్ఠుడను, కర్తను నేనే. సూర్యాస్తమయానికి ముందే అగ్నిసంస్కారం ముగించాను. మూడవనాడు సంచయనవేళకు తమ్ముడు వచ్చాడు. అస్థికలను చూచి, "నీవు శాస్త్రం చూశావు అన్నయ్యా, నన్ను చూడలేదు" అన్నాడు. నాకు ప్రత్యుత్తరం తోచలేదు.

మరుసటి ఏడు ఆబ్దికం సమీపించగా, తాను అక్కడ ఏ దినాన చేయాలని అడిగాడు. చంద్రుడు సూర్యుని నుండి 12 అంశలు జరిగే కాలమే తిథి. అది భూమండలమంతటా ఒకే క్షణాన ప్రవేశిస్తుంది. ఉదయాపరాహ్ణాలు మాత్రం ఊరూరికీ వేరు. శీతకాలంలో షికాగో మనకంటె పదకొండున్నర గంటలు వెనుక. ఆ ఏడు మనకు మంగళవారం రాత్రి ఎనిమిదింటికి తిథి ప్రవేశం. అక్కడ అది మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర. శ్రాద్ధానికి అపరాహ్ణవ్యాప్తి ప్రధానం. కనుక నాకు బుధవారం, వాడికి మంగళవారం. విదేశాలలోని ఆస్తికులు తమ ఊరికి గణించిన పంచాంగాన్నే చూడవలసినది ఇందుకే.

అక్కడ పురోహితుడు లభించనందున నేనే ఫోనులో మంత్రం చెప్పాను. మాకు అర్ధరాత్రి దాటింది. సంకల్పంలో అలవాటుగా శ్రీశైలం పేరు నోటివరకు వచ్చి ఆగింది. అమెరికాలోని పురోహితులు చెప్పే విధంగా క్రౌంచద్వీపమన్నాను. వాడు గద్గదస్వరంతో అనుసరించాడు. ఆనాడు అమ్మకు మొదటి పిండం పెట్టినది, చివరి చూపుకు అందని ఆ కుమారుడే. నా వంతు తెల్లవారిన పిమ్మట వచ్చింది.

నేను చేసినది ధర్మవిరుద్ధమని ఈనాటికీ అనుకోను. అయినా యజమానులెవరైనా "అబ్బాయి వచ్చేదాకా ఆగవచ్చునా?" అని అడిగితే, వెంటనే శాస్త్రం చెప్పను. ముందు ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడించమంటాను.

స్వస్తి.