గోడకుర్చీ వేసి... గుల్‌మార్గ్‌కి!

మంచు మీద జారాలంటే ఏం కావాలి? స్వెట్టర్లు, బూట్లు, బోలెడంత డబ్బు... మేమూ అలాగే అనుకున్నాం. అన్నీ మోసుకెళ్లి, ఎండుగడ్డి చూసి తిరిగొచ్చాక గానీ తెలియలేదు. అసలు సర్దుకోవాల్సింది సూట్‌కేసులో పట్టేది కాదని!

రాత్రి తొమ్మిదయింది. టీవీలో సీరియల్‌ వస్తోంది. చూస్తున్నది మాత్రం మా అత్తయ్య ఒక్కరే. నేనూ, మావారూ, నాలుగో తరగతి చదివే మా అబ్బాయీ గోడకి వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కూర్చుని, కాళ్లు వణుకుతుంటే పళ్లబిగువున అంకెలు లెక్కపెడుతున్నాం.

‘‘ముగ్గురూ ఏం తప్పు చేశార్రా?’’ అన్నారు అత్తయ్య.

గోడకుర్చీ! హోంవర్కు చేయనందుకు మనలో చాలామంది వేసిన శిక్షే. స్కీయింగ్‌ నేర్చుకోవాలనుకునేవాళ్లకి మాత్రం అది శిక్షణ. మోకాళ్లు వంచి, భారమంతా తొడల మీద మోస్తూ నిలదొక్కుకోవడమే ఆ ఆటలో సగం. మొదటిరోజు ఇరవై సెకన్లకే కూలబడ్డాం. నెల తిరిగేసరికి నిమిషం దాటాం. ఆఫీసులో వేసిన చిట్టీ అప్పటికే పాడేశాను. డబ్బు చేతికొచ్చింది. 2024 సంక్రాంతి సెలవులకి టికెట్లూ తీసేసుకున్నాం. ఇక మిగిలింది బట్టలు సర్దడమే అనుకున్నాం.

మంచేది అమ్మా?

గుల్‌ అంటే పువ్వు. గుల్‌మార్గ్‌ అంటే పూల మైదానం. శ్రీనగర్‌కి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. కొత్తవాళ్లకి అనువైన మెత్తటి వాలులు ఊరి పక్కనే ఉన్నాయి. కేంద్ర పర్యాటకశాఖ కింద పనిచేసే స్కీయింగ్‌, పర్వతారోహణ సంస్థ 1968 నుంచీ ఇక్కడుంది. ఆరంభకులకి కోర్సులు నడుపుతుంది. 2022 బీజింగ్‌ శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్‌ ఖాన్‌ది ఈ కొండ కిందే ఉన్న తంగ్‌మార్గ్‌ ప్రాంతం. అతని తండ్రి గుల్‌మార్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం నడిపేవారు. జెయింట్‌ స్లాలమ్‌లో ఆరిఫ్‌ 45వ స్థానంలో నిలిచాడు. ఇవన్నీ చదివి మా అబ్బాయి నోట్‌బుక్‌ నిండా స్కీల బొమ్మలు గీసేశాడు.

తంగ్‌మార్గ్‌ నుంచి పైకి 13 కిలోమీటర్లు. మంచు పడితే టైర్లకి గొలుసులు కట్టిన బళ్లనే పైకి పోనిస్తారు. మా బండికి గొలుసుల అవసరమే రాలేదు. పైకి చేరేసరికి ఎదురుగా... ఎండిపోయిన గడ్డి! కనుచూపుమేర గోధుమరంగే. దూరంగా అఫర్వాత్‌ శిఖరం మీద మాత్రం విభూది రేఖల్లా కాస్త తెలుపు.

‘‘మంచేది అమ్మా?’’ అన్నాడు వాడు. సమాధానం లేదు.

ఓ కొట్టు ముందు స్కీలు బారుగా గోడకి ఆనించి ఉన్నాయి. అద్దెకిచ్చి, ఆట కూడా నేర్పే పెద్దాయన ఒకరు ఎండలో కూర్చుని ఉన్నారు. మా హైదరాబాదీ ఉర్దూ విని నవ్వి, లోపలికి పిలిచి గులాబీరంగు ఉప్పు టీ పోశారు. ‘‘మీరు సెలవులు చూసుకుని వచ్చారు. మంచు సెలవులు చూసుకుని రాదు కదా!’’ అన్నారు. ఆ చలికాలం అప్పటిదాకా ఒక్క జత స్కీలు కూడా అద్దెకి పోలేదట. మాకు పోయింది ఒక చిట్టీ డబ్బు. ఆయనకి పోతున్నది ఏడాది సంపాదన.

మూడు రాత్రులు గడిపి తిరిగొచ్చేశాం. మేం ఇల్లు చేరిన పది పన్నెండు రోజులకి అక్కడ మంచు కురిసింది. ఆ వార్త టీవీలో వస్తుంటే మా అబ్బాయి లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

పొరపాటు ఎక్కడ?

మనకి వానలు తెచ్చేవి నైరుతి రుతుపవనాలు. కశ్మీర్‌కి చలికాలంలో మంచు తెచ్చేవి పశ్చిమ అలజడులు. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమని మోసుకొస్తాయి. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని అక్కడివాళ్లు చిల్లై కలాన్‌ అంటారు. మంచు దండిగా పడాల్సింది అప్పుడే. కానీ చలి ఉన్నంత మాత్రాన మంచు పడదు. తేమ రావాలి. ఆ ఏడాది జనవరి చివరిదాకా అది రాలేదు.

అంటే మా తప్పు బట్టల్లో లేదు. మూడు రాత్రుల్లో ఉంది. తిరుపతి దర్శనానికి టైం స్లాటు తీసుకున్నట్టు మంచుకీ తీసుకున్నాం!

‘‘మళ్లీ వెళ్దాం’’ అన్నాను. మావారు ససేమిరా అన్నారు. ‘‘మళ్లీ ఎండుగడ్డే అయితే? వాడి మొహం ఇంకోసారి చూడలేను’’ అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. అందుకే ఈసారి ప్రయాణాన్ని తిరగేసి రాసుకున్నాం. ఫిబ్రవరి 22 నుంచి మార్చి 3 దాకా, తొమ్మిది రాత్రులు. డబ్బెక్కడిది? ఖరీదైన హోటల్‌ మానేశాం. హౌస్‌బోటు మానేశాం. కొత్త బట్టలు మానేశాం. తేదీలు మార్చుకోవడానికి వీలున్న టికెట్లే తీసుకున్నాం. అబ్బాయి అప్పటికి ఐదో తరగతి. ‘‘పరీక్షల ముందా?’’ అని వాళ్ల హెడ్‌మిస్ట్రెస్‌ కళ్లజోడు మీదుగా చూశారు. పాఠాలన్నీ అక్కడే చదివిస్తానని రాతపూర్వకంగా హామీ ఇస్తే గానీ సెలవు దొరకలేదు.

రాత్రి తొమ్మిదింటికి గోడకుర్చీ మళ్లీ మొదలైంది.

పెట్టెలోకి ఏవి? బయటికి ఏవి?

మొదటిసారి పెట్టెల్లో ఊలు బట్టలే ఎక్కువ. లావుపాటి స్వెట్టర్లు, మంకీ క్యాపులు, లోపల నూలు బనియన్లు. నూలు చెమటని పీల్చుకుని ఆరకుండా ఒంటికి అంటుకుపోతుంది. ఆగి నిలబడితే వణుకే. అందుకే రెండోసారి మూడు పొరల సూత్రం పాటించాం. ఒంటికి ఆనుకుని చెమటని బయటికి పంపే థర్మల్స్‌. మధ్యలో వెచ్చటి ఫ్లీస్‌. పైన నీళ్లూ గాలీ దూరని కోటు, ప్యాంటు. ఈ మూడోది ఖరీదు. అందుకని అక్కడే అద్దెకి తీసుకున్నాం. విమానంలో సాధారణంగా మనిషికి అనుమతించేది 15 కిలోలే మరి!

చేతులకి ఊలు గ్లౌజులు పనికిరావు. రెండుసార్లు పడితే తడిసి ముద్దవుతాయి. నీళ్లు దూరనివి రెండు జతలు ఉండాలి. ఒకటి ఆరేలోపు ఇంకోటి. కాళ్లకి మాత్రం ఒక్క జత ఊలు సాక్సే. చలని రెండు తొడిగితే బూటులో మడతలు పడి పుండ్లు పడతాయి.

కూలింగ్‌ గ్లాసులు సోకు కోసం కాదు. తాజా మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన మొహం మీదికే వస్తాయి. గాగుల్స్‌, సన్‌స్క్రీన్‌, పెదవులకి బామ్‌ తప్పనిసరి. ఇక అత్తయ్య ప్రేమగా ఇచ్చిన కొబ్బరినూనె సీసా అక్కడికెళ్లాక రాయయింది! ఆవకాయ, పప్పులపొడి, చేగోడీలు మాత్రం తొమ్మిది రోజులూ ఆదుకున్నాయి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్‌ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్‌ ఉండాలి. చలికి ఫోను బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది. దాన్ని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి.

స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్‌ అద్దెకి దొరుకుతాయి. అద్దెకి తీసుకోవడమూ ఓ విద్యే. బూటు తొడుక్కుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుని తాకీ తాకనట్టుండాలి. మోకాళ్లు వంచినా మడమ పైకి లేవకూడదు. కొత్తవాళ్లకి స్కీ నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్యకొస్తే చాలు. బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు ఒకటుంటుంది. పడినప్పుడు అది ఊడిపోవాలి. లేకపోతే మెలిపడేది మోకాలే. ఎంత బలానికి ఊడాలో మన బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు పొడవు చూసి సరిచేస్తారు. ‘‘బరువెంత బేటీ?’’ అని పెద్దాయన అడిగితే అలవాటు కొద్దీ నాలుగు కిలోలు తగ్గించి చెప్పబోయాను. మావారు దగ్గారు! తక్కువ చెబితే అనవసరంగా ఊడుతుంది. ఎక్కువ చెబితే అవసరానికి ఊడదు. ఇక్కడ మాత్రం నిజమే చెప్పాలి.

మావారికి మొదట స్నోబోర్డు మీద మనసు. రెండు కాళ్లూ ఒకే చెక్కకి బిగించుకుని పక్కవాటుగా జారాలి. కొత్తలో పడితే ముందు నేలకి ఆనేవి చేతులే. మణికట్టు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి దానికి రక్షణ పట్టీ కావాలి. కీబోర్డు మీద బతికే ఉద్యోగం గుర్తొచ్చి ఆయనే స్కీలకి మారిపోయారు.

ఇంకో మాట. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో ఇలాంటి సాహస క్రీడలకి వర్తింపు ఉండదు. షరతులు చదివాకే కట్టండి. గండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. దాని రెండో దశ 3,900 మీటర్లు దాటి తీసుకెళ్తుంది. చూసి రావడానికి బాగుంటుంది గానీ, అక్కడి వాలులు కొత్తవాళ్లవి కావు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాత్‌ మీద మంచుచరియలు విరిగిపడి పోలెండ్‌కి చెందిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. ఎవరికైనా మొదటిరోజు విశ్రాంతే మంచిది.

శివశివా... అంటూ వచ్చింది!

ఫిబ్రవరి 23న గుల్‌మార్గ్‌ చేరాం. అక్కడక్కడా పలచటి మంచు, మధ్యమధ్య గడ్డి. మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్నే వాయిదా వేశారు. నా గుండె జారింది. మావారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టారు. ఈసారి ఎన్నాళ్లుంటారని అడిగారు. తొమ్మిది రాత్రులనగానే ‘‘ఇప్పుడు సరిగ్గా వచ్చారు’’ అన్నారు. ఖాళీగా కూర్చోనివ్వలేదు. ఉన్న కాస్త మంచు మీదే బూట్లతో నడిపించారు. పడడం నేర్పారు. వెనక్కి కాకుండా పక్కకి పడాలి. లేచేటప్పుడు స్కీలు వాలుకి అడ్డంగా ఉండాలి. మధ్యాహ్నాలు అబ్బాయి ఆయన కొట్లో కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. పొడుగాటి ఫెరన్‌ లోపల ఆయన పట్టుకునే కాంగ్డీ ఫొటో తీసి పంపితే, ‘‘మా అమ్మమ్మ కుంపటే కదే! దానికి బుట్ట అల్లారంతే’’ అన్నారు అత్తయ్య.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. ఫిబ్రవరి 26, శివరాత్రి. ఆ రాత్రి జాగారం చేద్దామని కిటికీ దగ్గర కూర్చున్నాం. వీధిదీపం చుట్టూ దూదిపింజల్లా ఏవో తేలుతున్నాయి. అబ్బాయి కిటికీకి ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎవరం మాట్లాడలేదు.

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. కరెంటు పోయింది. దారి మూసుకుపోయింది. మూడు రాత్రుల లెక్కతో వచ్చి ఉంటే ఆ మంచుని చూడకుండానే వెళ్లిపోయేవాళ్లం. మార్చి 1న తెరిపిచ్చింది. మెత్తటి వాలు మీద పెద్దాయన ముందు నడుస్తుంటే వెనకాల మేం ముగ్గురం. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా పెడితే వేగం తగ్గుతుంది. దాన్ని స్నోప్లౌ... అంటే మంచు నాగలి అంటారు. నేను పదకొండుసార్లు పడ్డాను. మావారు లెక్కపెట్టడం మానేశారు. అబ్బాయి మాత్రం సాయంత్రానికి ముప్ఫై అడుగులు ఒంటరిగా జారి, నాగలి పట్టి, పెద్దాయన కాళ్ల ముందు ఆగాడు. ‘‘గోడకుర్చీ పనిచేసిందమ్మా!’’ అని అరిచాడు. మొత్తం తొమ్మిది రాత్రుల్లో మేం ఆడింది ఒకటిన్నర రోజు!

ఆ ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగింది. 26 మంది ప్రాణాలు పోయాయి. కశ్మీర్‌లో చాలా పర్యాటక ప్రాంతాల్ని మూసేశారు. తర్వాత వాటిలో కొన్నింటిని విడతలుగా తెరిచారు. పెద్దాయనకి ఫోన్‌ చేశాం. ‘‘మంచు కోసం ఎదురుచూడ్డం మాకు అలవాటే. మనుషుల కోసం ఎదురుచూడ్డమే కష్టం’’ అన్నారు. ఎవరైనా సరే, బయల్దేరే ముందు ప్రభుత్వ ప్రకటనలు చూసుకునే వెళ్లాలి. వెళ్లగలిగితే మాత్రం, పెట్టెలో రెండు కోట్లు తగ్గించి, చేతిలో నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకుని వెళ్లండి.

మా ఇంట్లో కొత్త చిట్టీ మొదలైంది. రాత్రి తొమ్మిదింటికి గోడ దగ్గర ఇప్పుడు నలుగురం. నాలుగోవారు అత్తయ్య. ఆవిడ మాత్రం నిజం కుర్చీ వేసుకుని, మాకు అంకెలు లెక్కపెడుతున్నారు!