ఊపిరికీ కామాకీ తేడా

అమెరికాలో డాక్టరు పని రోగిని చూడడంతో అయిపోదు. చూసినదంతా డిక్టేషన్ ఇవ్వాలి. పూర్వం టైపిస్టులు టేపు విని టైపు చేసేవారు; ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరే వింటోంది. "కామా", "పీరియడ్" అని నోటితో చెప్పడం మొదట్లో నాకు నవ్వులాటగా ఉండేది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. "నో చెస్ట్ పెయిన్" అంటే ఛాతీలో నొప్పి లేదని. "నో" తర్వాత కామా పడిందా, నొప్పి ఉన్నట్టే! చుక్కతో మరీ ప్రమాదం. 1.0 మిల్లీగ్రాము అని రాస్తే, చుక్క కనపడక 10 అని చదివేయవచ్చు. అందుకే ఇక్కడి ఆసుపత్రులను తనిఖీ చేసే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని రాతల జాబితా ఒకటి పెట్టింది. దాని ప్రకారం 1.0 బదులు 1 అనీ, .5 బదులు 0.5 అనీ రాయాలి.

మన తెలుగుకి ఈ బెడద కొంత తక్కువ. "వచ్చాడా" అన్నప్పుడు ప్రశ్న మాటలోనే ఉంది. "వస్తానని చెప్పాడు" అంటే "అని" ఉండనే ఉంది, కొటేషను గుర్తుతో పని లేదు. అయినా "అమ్మ నాన్న వచ్చారు" అంటే వచ్చింది తాతగారు కావచ్చు. మధ్యన కామా పెడితే వచ్చింది ఇద్దరు.

నిరుడు తెనాలి వెళ్లినప్పుడు మా నాయనమ్మ చిన్ననాటి సంగతులు చెబుతూంటే ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఇప్పుడు పిల్లల కోసం కాగితం మీద పెడుతున్నాను. ఆవిడకు గుండె జబ్బు. రెండు మాటలకోసారి ఆయాసంతో ఆగుతుంది. ఆగినచోటల్లా కామా పెడితే "మా అమ్మ, నన్ను, బడికి, పంపలేదు" అని తయారవుతుంది. చదివేవాళ్లకు ఆవిడ జబ్బు వినిపిస్తుంది గాని మాట వినిపించదు. అందుకని అర్థం ఆగిన చోటే కామా పెడుతున్నాను.

ఒకచోట మాత్రం "మా చెల్లెలు పోయిన రోజున..." అని ఆగి, కాసేపటికి వేరే సంగతి ఎత్తుకుంది. అక్కడ ఆయాసం లేదు. ఆ వాక్యాన్ని నేను పూర్తి చేయడం గాని, ఫుల్‌స్టాపుతో మూసేయడం గాని న్యాయం కాదు. మూడు చుక్కలు పెట్టి ఊరుకున్నాను.

మీ ఇళ్లలోనూ ఇలాంటి రికార్డింగులు ఉంటాయి. రాయడానికి కూర్చునేముందు ఒకసారి ఊరికే వినండి. రెండోసారి మాటలు రాసుకోండి. మూడోసారి వింటూ చుక్కలూ కామాలూ పెట్టండి. అనుమానం వచ్చిన చోట ఫోను చేసి అడగండి. అడగడానికి ఆ పెద్దవాళ్లు ఉండగానే ఈ పని కానివ్వండి.