మా పేరు ఎక్కిన పుస్తకం



పోయిన శనివారం మన చర్చలో "ఇంక పుస్తకాలు ఉండవు, అన్నీ ఫోనులోనే" అని ఎక్కువమంది చెప్పినారు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినారు కదా, అదే వాళ్ళ సాక్ష్యం. నాకు మాట్లాడే వంతు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేము ఎరుకలవాళ్ళం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా ఇంట్లో పుస్తకం అంటే రేషను కార్డే. కానీ మా గురించి ఎప్పుడో పుస్తకాలకు ఎక్కించినారు. ఎవరు? దొరలు.

మా పెద్దలు సముద్రం ఒడ్డు నుంచి పశువుల మీద ఉప్పు తెచ్చి, ఊర్లలో ధాన్యానికి మార్చేవాళ్ళు. తర్వాత ఉప్పును రైలు మోసింది. పన్ను కూడా పెరిగింది. బేరం పోయింది. (మా అవ్వ టమోటా గంపలు అల్లేది. మదనపల్లె మార్కెట్టులో ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లు. ఇదీ అట్లాంటిదే.) బేరం లేకుండా తిరిగేవాళ్ళను చూసి సర్కారుకు అనుమానం. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం చేసినారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చినారు. అంటే పుట్టిన బిడ్డ కూడా దొంగే! బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో మావాళ్ళను పెట్టి, చీరాల పొగాకు కంపెనీలో పనికి పంపినారు. బాగు చేస్తామన్నారు. నాకైతే కూలీలు కావాల్సి వచ్చిందనే అనిపిస్తుంది.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. పేరు మాత్రం పోలేదు. నేను ఇంతకుముందు చదివిన బడిలో ఒకమ్మాయి పెన్ను పోతే మొదట నా సంచే వెతికినారు. దొరకలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అంతే.

దొరలందరూ ఒకటే అని నేను అనను. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి, సొంత డబ్బు పెట్టి తాళపత్రాలు వెతికించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినాడు. 1852లో నిఘంటువు తెచ్చినాడు. కంపెనీకి తెలుగు కావాల్సింది పన్నుకు, కోర్టుకు. బ్రౌనుకు తెలుగు మీదే ఆశ పుట్టింది. మేలు చేసినా సరే, ఎందుకు చేసినారని అడగొచ్చు కదా? గూగుల్ అమెరికా కంపెనీ. మనకు తెలుగు చూపిస్తుంది, ప్రకటనల మీద సంపాదిస్తుంది.

ఎడ్గార్ థర్‌స్టన్ అనే దొర మనుషుల తలలు, ముక్కులు కొలిచి, దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు రాసినాడు. మావాళ్ళూ అందులో ఉండారు. మొదటి పేజీలోనే పేరు, 1909 అనే సంవత్సరం ఉంటాయి. అప్పుడు రాజ్యం ఎవరిదో తెలిసిపోతుంది. ఫోనులో జవాబు వస్తుంది గానీ ఎవరు చెప్పినారో చాలాసార్లు కనబడదు. రేపు మార్చేస్తే నిన్న ఏముండిందో ఎట్లా చూపించేది? అందుకే మమ్మల్ని తిట్టిన పుస్తకం కూడా ఉండాలనే నా పట్టు.

మా ఎరుకల మాటలకు నిఘంటువు మా బడి లైబ్రరీలో లేదు. సెలవులకు పోయినప్పుడు అవ్వను అడిగి నోటుబుక్కులో రాస్తా ఉండాను. ఇప్పటికి 63 మాటలు అయినాయి. గంపలు, ఈతబెత్తాలు, పందులు, వీటివే ఎక్కువ. "దీన్ని కూడా రాస్తావా?" అని నవ్వుతుంది అవ్వ.