ఇంజనుకు జ్వరము

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెట్టభూములలో వేసవి యెండ ఎట్టిదో అనుభవించినవారికి గాని తెలియదు. బండరాళ్ళు పగలెల్ల కాగి, రాత్రి చాలసేపటివరకు సెగలు చిమ్ముచుండును. చెరువులు అడుగంటును. అట్టి దినములలో దారిప్రక్కన ముందు రేకు పైకెత్తుకొని, ఆవిరి క్రక్కుచు నిలిచిన పాత మోటారుబండి కనబడుట ఈ సీమలో వింత కాదు. చూచినవారు "ఎండదెబ్బ తగిలినది" అని సాగిపోవుదురు. కాని ప్రతిసారియు తప్పు ఎండదేనా? ఈ ప్రశ్నకు ఒక వృద్ధుడైన మేస్త్రీ సమాధానము కనుగొన్న విధమును నేను చిన్నతనమున కన్నులార చూచితిని.

దేవరకొండ సమీపమున ఒక పల్లెలో మా మేనమామకు అంబాసిడరు కారు ఉండెను. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై రూపొందిన ఈ కారు, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాయందు తయారగుచు, 1950ల చివరినుండి 2014 వరకు మన దేశపు రోడ్లపైకి వచ్చెను. మా మామ కారు 1970ల నాటిది. మొదట దానిలో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. పెట్రోలు ఖర్చు భరింపలేక, ఆ కాలమున అనేకులు చేసినట్లే ఆయనయు దానిని తీయించి, ఒక పాత వ్యానునుండి తెచ్చిన డీజిలు ఇంజనును పెట్టించెను. అప్పటినుండి ఖర్చు తగ్గినది. కాని వేడి పెరిగినది.

ఆ కారు మా మామకు విలాసవస్తువు కాదు. పెండ్లిండ్లకు బాడుగకు పోయి ఇల్లు గడుపునది అదే. ఊరిలో రాత్రివేళ ఎవరికైన ప్రాణముమీదికి వచ్చినచో ఆసుపత్రికి చేర్చునదియు అదే. 108 అంబులెన్సులు మన రాష్ట్రమున 2005లో గాని రాలేదు. 2003 వేసవిలో, వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిన ఆ వేసవిలోనే, ఒక రాత్రి పురుటినొప్పులు పడుచున్న ఒక యింటి కోడలిని ఎక్కించుకొని మామ నల్లగొండకు బయలుదేరెను. పెద్దరోడ్డు చేరకముందే, గుంతల మట్టిదారిలో బండి సలసల కాగి నిలిచిపోయెను. దైవవశమున ఒక ట్రాక్టరు ఎదురుపడి, ఆమెను పెద్దరోడ్డు చేర్చెను. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. కాని మామకు మాత్రము నిద్ర పట్టలేదు. "ఈ బండిని ఇనుప తుక్కు క్రింద అమ్మివేసెదను" అనెను.

అంతకు ముందే ఆయన ముగ్గురు పనివారికి బండిని చూపియుండెను. ఒకరు నీటి పంపు మార్చిరి. మరియొకరు రేడియేటరును కడిగించి క్రొత్త మూత వేసిరి. మూడవవారు థర్మోస్టాటును తీసి పారవేసిరి. ప్రతిసారియు డబ్బు ఖర్చయినది, జ్వరము తగ్గలేదు. అమ్మకముందు చివరిసారిగా చూపుదమని దేవరకొండలోని ఆ వృద్ధ మేస్త్రీకడకు బండిని తీసికొనిపోయెను. తొమ్మిదవ తరగతి ముగించి సెలవులకు వచ్చిన నేనును వెంట పోయితిని.

ఇక్కడ ఇంజను చల్లబడు విధమును కొంత తెలిసికొనవలెను. ఇంధనము మండినప్పుడు పుట్టు శక్తిలో దాదాపు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడును. ఇంచుమించు మరియొక మూడవవంతు పొగతోపాటు వెడలిపోవును. మిగిలిన వేడిలో చాల భాగమును ఇంజను చుట్టు తిరుగు నీరు గ్రహించును. పంపు ఆ నీటిని రేడియేటరునకు త్రోయును. అక్కడ సన్నని గొట్టములలో దిగునప్పుడు నీరు తన వేడిని గాలికి అప్పగించును. ఆ గాలిని లోనికి లాగునది పంకా. ఇంజను తగినంత వేడెక్కువరకు రేడియేటరునకు పోవు నీటిని అడ్డగించి, పిదప ద్వారము తెరచు కావలివాడు థర్మోస్టాటు.

మేస్త్రీ పనిముట్ల పెట్టెను తాకలేదు. నేను రేడియేటరు మూతపై చేయి వేయబోగా వెంటనే ఆపెను. "వేడిమీద దానిని తీయరాదు, బిడ్డా! లోపలి నీరు ఒత్తిడిలో ఉండును. నూరు డిగ్రీలు దాటినను మరుగక పొంచియుండును. మూత తీసినంతనే ఆవిరియై ముఖము కాల్చును" అని హెచ్చరించెను. ప్రెషరు కుక్కరును గూర్చి మా తల్లి చెప్పు మాటయే అది.

పిమ్మట మామవైపు తిరిగి, "పటేలా, బండి ఎప్పుడు కాగును? మెల్లగా పోవునప్పుడా, పరుగెత్తునప్పుడా?" అని అడిగెను.

మామ ఆలోచించి, "మట్టిదారిలో కాగును, సంతలో కాగును. సాగరు రోడ్డుమీద వేగముగా పోవునప్పుడు ముల్లు తిరిగి దిగును" అనెను. అంతవరకు ఆ ప్రశ్నను ఎవరును అడిగియుండలేదు.

మేస్త్రీ తల ఊపెను. "పరుగెత్తు బండికి పరుగే గాలి నిచ్చును. మెల్లగా పోవు బండికి పంకా గాలి నీయవలెను. పరుగులో చల్లబడుచున్నదనగా నీరు బాగుగనే పారుచున్నది. లోటు గాలిలో ఉండవచ్చును. అయినను చూడక చెప్పరాదు."

బండి చల్లారిన పిదప ఆయన ఒక్కొక్క అనుమానమును పరీక్షించి తొలగించెను. మూత తీసి ఇంజను నడిపించి చూచెను. నీటిలో బుడగలు రాలేదు. ఇంజనునూనె పాలవలె తెల్లబడలేదు. కనుక లోపలి గాస్కెటు చెడినదని తలచుటకు ఆధారము లేదు. మూత బిగించి, ఇంజను వేడెక్కిన పిమ్మట ఆపించి, పంకా నిలిచిన తరువాత రేడియేటరును అచ్చటచ్చట జాగ్రత్తగా తడవి చూచెను; ఎచ్చటను చల్లని మచ్చ లేదు. కనుక గొట్టములు పూడుకొనలేదు.

చివరకు ఇంజనును మరల నడిపించి, ఒక వార్తాపత్రిక కాగితమును రేడియేటరు ముందు పట్టెను. క్రిందిభాగమున కాగితము అతుక్కొని నిలిచెను. పైభాగమున పట్టగా జారి నేలపై పడెను. రెండుమూడు మారులు అట్లే జరిగెను. మేస్త్రీ మామను పిలిచి లోపలికి చూపెను. క్రొత్త ఇంజను పాతదానికంటె వెనుకకును క్రిందికిని కూర్చుండెను. పంకాకును రేడియేటరునకును నడుమ జానెడు సందు ఏర్పడెను. పంకా రేడియేటరుగుండ గాలి లాగుటకు బదులు, ఆ సందులోని వేడిగాలినే త్రిప్పి త్రిప్పి విసరుచుండెను.

"ఇంజను మంచిదే, రేడియేటరు మంచిదే. ఒకదానికై పుట్టినది మరియొకదానితో కాపురము చేయుచున్నది. నడుమ సంధి కుదుర్చువాడు లేడు" అని మేస్త్రీ నవ్వెను.

రేకులపనివాని చేత ఒక తొడుగు చేయించిరి. అది రేడియేటరు వెడల్పునంతయు కప్పి, క్రమముగా ఇరుకై, పంకా రెక్కల చుట్టు వలయమువలె ముగిసెను. ఇప్పుడు కాగితము పైభాగమునను అతుక్కొనెను. థర్మోస్టాటును కూడ మరల పెట్టించి, "వేడెక్కినప్పుడు ఇది ఎట్లును తెరచుకొనియే యుండును. దీనిని తీసినందువలన లాభమేమి?" అనెను. బోరునీటిలోని లవణములు గొట్టములలో గారగా పేరుకొనును గనుక, రేడియేటరులో శుద్ధజలమునే పోయుమని చెప్పెను.

మరుసటి వారము మిట్టమధ్యాహ్నము డిండి మీదుగా మన్ననూరు ప్రక్కనుండు నల్లమల యెక్కుదారిలో బండిని నడిపితిమి. మామ దారికంటె ముల్లునే ఎక్కువగా చూచుచుండెను. కొండ ఎక్కువరకు అది నడుమనే నిలిచెను. బండిని అమ్మవలెనను మాట ఆయన నోట మరల వినబడలేదు.

కారణమును వెదకక చికిత్స చేసినచో ఫలముండదను సత్యమును మా జిల్లా మరియొక విధముగా, మిక్కిలి బాధతో నేర్చినది. నల్లగొండ పల్లెలలో అనేకులకు పండ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయెడివి. నొప్పికి మందు మ్రింగినను, త్రాగు నీరు మారనంతకాలము వ్యాధి మానలేదు. ఆ నీటిలోని ఫ్లోరైడే దానికి మూలము. లీటరు నీటిలో అది 1.5 మిల్లిగ్రాములకు మించరాదు. నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నములతో దానిని తగ్గించు ఉపాయమును 1970లలో రూపొందించిరి. దానికి "నల్లగొండ పద్ధతి" యను పేరు వచ్చినది.

బాలలారా! రేపు మీ యింట పంపు పనిచేయకపోవచ్చును. పొలములో పైరు ఎండిపోవచ్చును. భాగములు మార్చుటకు, మందు చల్లుటకు తొందరపడకుడు. ఇది ఎప్పుడు జరుగుచున్నది, ఎప్పుడు జరుగుట లేదు అని ముందుగా అడుగుడు. ఆ రెండు ప్రశ్నలకు ఖర్చు లేదు. దేవరకొండ మేస్త్రీకి ఒక అంబాసిడరును బ్రతికించుటకు వానితోపాటు కావలసివచ్చినది ఒక పాత కాగితమును, కొంత రేకును మాత్రమే.