ఫ్రిజ్ వెనుక దుమ్ము



ఈ వారం మా వంటింటి సంగతి ఒకటి మీ ముందు ఉంచుతున్నాము. ఇందులో మా తప్పు ఉంది గనుక ముందుగా ఒప్పుకోవడమే మంచిది.

మందిరం పక్కన మా ఇంట్లో ఉన్న ఒంటి తలుపు ఫ్రిజ్ మీలో చాలామందికి తెలుసు. క్రిస్మస్ కేకులు, పెళ్లిళ్ల పూలదండలు, మీ ఇళ్లలో మిగిలిన పాలు అన్నీ అందులోకే వస్తాయి. రెండేళ్లుగా మన సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దమ్మగారి ఇన్సులిన్ సీసా కూడా అందులోనే ఉంటోంది. ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు. పొద్దునా సాయంత్రం వచ్చి సూది వేసుకుని వెళ్తారు.

మొన్న రోహిణి కార్తె ఎండల్లో ఫ్రిజ్‌లో పెట్టిన పాలు కూడా విరిగిపోసాగాయి. మేమేం చేశామంటే, లోపలి నాబ్‌ను చివరి అంకె దాకా తిప్పేశాము. ఇంకా చల్లగా ఉంటుంది కదా అని సీసాను ఫ్రీజర్ కిందనే ఉన్న ట్రేలో పెట్టాము. ఆదివారం తెల్లవారి పెద్దమ్మగారు వచ్చి సీసా చేతిలోకి తీసుకుని, "అయ్యగారూ, ఇది గడ్డకట్టిందండి" అన్నారు.

మందుల షాపు ఆయనకు ఫోన్ చేస్తే, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు, పారేయండి అన్నారు. వెంటనే బండి తీసుకుని పట్టణానికి వెళ్లాము. ఆ రోజు ఆరాధన గంట ఆలస్యంగా మొదలైంది. కారణం అప్పుడు మీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాము. మేము తిరిగి వచ్చేదాకా ఆమె ఏమీ తినకుండా మా అరుగు మీదే కూర్చున్నారు. "పోనీలెండి అయ్యగారూ, యంత్రం కదా, దానికేం తెలుస్తుంది" అన్నారు. తిట్టినా అంత బాధపడేవాళ్లం కాదు.

సోమవారం మెకానిక్ వచ్చి ఫ్రిజ్‌ను ముందుకు లాగాడు. వెనుక నల్లటి తీగల అల్లిక మీద బూజు, దుమ్ము కంబళిలా పట్టేసి ఉన్నాయి. "దీనికి రోగం ఏమీ లేదండి, ఊపిరాడట్లేదు, అంతే" అన్నాడు. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదట. లోపలి వేడిని లాగి ఆ తీగల గుండా బయటకు పంపుతుంది. దారి మూసుకుపోతే వేడి పోదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

అతని దగ్గర నేర్చుకున్నవి మీకూ పనికివస్తాయి. ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా ఎండలు ముదరకముందు, ప్లగ్ తీసేసి మెత్తని బ్రష్షుతో ఆ తీగలు దులపండి. కొన్ని కొత్త ఫ్రిజ్‌లకు అవి పక్కగోడల లోపలే ఉంటాయి, అందుకే పక్కలు వెచ్చబడతాయి. ఏ ఫ్రిజ్ అయినా గోడకు ఆనించకుండా బెత్తెడు ఖాళీ వదలండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరును సబ్బునీళ్లతో తుడవండి. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలిందని అర్థం. ఫ్రీజర్‌లో మంచు అర సెంటీమీటరు మందమైతే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. చాకుతో మాత్రం గీకవద్దు, గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ పోతుంది. వెనుక కంప్రెసర్ దగ్గర నీళ్లు పడే ట్రే ఒకటి ఉంటుంది. దానిలో నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి, కడిగి ఆరబెట్టండి.

తెరవని ఇన్సులిన్ సీసాలు మీ ఇంట్లో ఉంటే 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్ దగ్గరా వద్దు, మాటిమాటికీ తెరిచే తలుపులోనూ వద్దు. మధ్య అర మంచిది.

ప్రియులారా, ప్రతి శనివారం మేము ఆ ఫ్రిజ్ తలుపు తళతళలాడేలా తుడిచేవాళ్లము. ఆదివారం మీరంతా వస్తారు, చూస్తారు గనుక. వెనుక భాగాన్ని కొన్న రోజు తరువాత ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరి ప్రాణం మన చేతికి అప్పగించబడిందో, అది ఆధారపడేది ఎవరికీ కనబడని ఆ వెనుక భాగం మీదనే. మా ప్రార్థనా జీవితం విషయంలో కూడా ఇదే ప్రశ్న మమ్మల్ని ఆ సోమవారం నుండి వదలడం లేదు.

ఇప్పుడు మధ్య అరలో సీసా పక్కన చిన్న థర్మామీటరు ఒకటి పెట్టాము. పెద్దమ్మగారు రాగానే ముందు దాన్నే చూస్తారు. "అయిదు ఉందండి అయ్యగారూ" అని మాకు చెప్పి, ఆ తరువాతే సీసా తీసుకుంటారు. అలా చూడటమే మంచిది.

ఈ శనివారం మీ ఇంట్లో కూడా ఫ్రిజ్‌ను ఒకసారి ముందుకు లాగి చూడండి. ప్రభువు మీ ఇండ్లను కాపాడును గాక. ఆమెన్.